పలకల షెడ్డులో సుందరమ్మ కాపురం

మొన్న మా వీధిలో కడుతున్న కొత్తింటి ముందుగోడకు మార్కాపురం నల్లరాయి అతికించి, మేస్త్రి పైపుతో నీళ్ళు కొడుతుంటే ఆ తడిరాయి వాసన ముక్కుకు తగిలి రోడ్డు మధ్యలోనే ఆగిపోయాను. వెనక స్కూటరువాడు హారను కొట్టి తిట్టాడు కూడా. తిట్టనీ. అరవై ఏళ్ళ కిందటి పలకల షెడ్డు వాసన అది, వాడికేం తెలుసు.

అప్పటికి మా మార్కాపురం వైపంతా కర్నూలు జిల్లా. రాష్ట్రం కొత్తది, పంచాయతీ అరుగు మీద పెట్టిన రేడియో అంతకన్నా కొత్తది. గనిలోంచి వచ్చిన రాతిని మగవాళ్ళు ఉలితో పొరలుగా విడదీస్తే, మా అమ్మా మరో పదిమంది ఆడవాళ్ళూ ఇసుకా నీళ్ళూ వేసి బడిపిల్లల పలకలుగా నున్నగా రుద్దేవాళ్ళు. ఎండాకాలం సెలవుల్లో నేనూ అక్కడే ఉండేదాన్ని. పైన రేకులు కాలిపోతుంటే, కింద తడినేల మీద ఒంటికాలితో గెంతుతూ తొక్కుడుబిళ్ళ ఆడుకుంటూ, మధ్యాహ్నం గంట కొట్టగానే ఒకరి జొన్నరొట్టె, ఇంకొకరి గోంగూర పచ్చడి, మరొకరి చింతచిగురు పప్పు ఎవరిది ఎవరిదో తెలియకుండా తింటూ. ఒకచోట కూర్చునే రకం కాదు నేను. “కాళ్ళల్లో చక్రాలు పెట్టుకోని పుట్టినావే” అని అమ్మ విసుక్కునేది.

ఆ కాళ్ళు ఆదివారం సాయంత్రం మాత్రం రేడియో ముందు కుదురుగా ఉండేవి. చలమయ్య, సుందరమ్మ అనే మొగుడూ పెళ్ళాల మీద ఒక హాస్య నాటిక వచ్చేది. అరుగు నిండా మగవాళ్ళు కూర్చుంటారు గనుక ఆడవాళ్ళెవరూ వచ్చేవాళ్ళు కాదు. నేను అరుగు కింద చతికిలబడి విని, సోమవారం షెడ్డులో ఒప్పజెప్పాలి. కథ చెబితే చాలదు, సాక్ష్యం చెప్పాలి.

“తలుపు కిర్రుమనిందా, టక్కుమనిందా?” అని అడిగేది అందరిలోకీ పెద్దదైన ఓబులమ్మ పెద్దమ్మ. కిర్రుమంది అంటే చెక్కతలుపు, పాతిల్లు. తలుపు చప్పుడుకీ బావిలో బొక్కెన చప్పుడుకీ మధ్య ఎన్ని అడుగులు వినిపించాయో కూడా లెక్క చెప్పాలి. అట్లా నా చెవులతో ఆ ఇల్లంతా కొలిచి, పగిలిన పలక మీద బలపంతో దాని పటం గీసి గోడకు ఆనించారు. సుందరమ్మ ముక్కుపుడక కుడివైపా ఎడమవైపా అని ఒకసారి రెండు రోజులు పోట్లాట. రేడియోలో ముక్కుపుడక కనిపిస్తుందా అంటే, “మాట పలికే తీరు చూస్తే తెలీదా, దానికి కండ్లెందుకు?” అనేది పెద్దమ్మ. చలమయ్య తాళంచెవిని బావిలో పడేసుకుని, అప్పటినుంచి తలుపుకు గేదెను కట్టే పలుపుతాడు బిగించిన వారమైతే నన్ను తాడు గురించి పీక్కుతిన్నారు.

అందరికన్నా ఎక్కువ పీక్కుతిన్నది మార్తక్క. అమ్మ పక్కనే కూర్చుని రాయి రుద్దేది. వాళ్ళాయన గిద్దలూరు దగ్గర రైలుపట్టాల మీద గ్యాంగుమన్ను. మాటకు మాట పెరిగి ఆమె పుట్టింటికి వచ్చేసి నాలుగు నెలలు. అలిగి వచ్చిన ఆడది తనంతట తాను తిరిగి పోకూడదు, మొగుడో పెద్దమనుషులో వచ్చి పిలవాలి, మా వైపు రివాజు అది. ఆయన రాలేదు, ఈమె పోలేదు. సరిగ్గా అప్పుడే రేడియోలో సుందరమ్మ కూడా అలిగి పుట్టింటికి పోయి కూర్చుంది. షెడ్డు రెండు ముక్కలైంది. తిరిగి రావాలని కొందరు, చస్తే రాకూడదని కొందరు. మార్తక్క ఏ పక్కా మాట్లాడలేదు. “పెట్టె తీసకపోయిందా, ఇడిసిపెట్టి పోయిందా?” అని మాత్రం అడిగింది. ఆమె ఏం వినాలనుకుంటోందో తొమ్మిదేళ్ళ నాకు కూడా తెలిసిపోయింది.

ఆ ఆదివారం అంతా తేలిపోతుందనగా రేడియో గురగురమని మూగపోయింది. బ్యాటరీ అయిపోయిందన్నారు. నాకు తిక్క లేచింది. తెల్లవారితే ఇంతమంది చేతులాపి నా నోటివైపు చూస్తారు, ఏం చెప్పను? తెలీదంటే నా పరువేం కాను?

చెప్పేశాను. “వచ్చింది పెద్దమ్మా. ఎవురూ పిలవకుండానే వచ్చింది. తాళంచెవి తీసి తలుపు తెరిచింది. చలమయ్య ఏమీ అనలేదు, పీట ఏసి అన్నం పెట్టినాడు.”

రుద్దే చప్పుడు ఆగిపోయింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“తాళం తీసిందా?” అంది మార్తక్క మెల్లగా.

“తీసింది.”

“ఆయప్ప ఒక్క మాట కూడా అనలేదా?”

“అనలేదక్కా.”

మార్తక్క చేతిలోని పలకను కడిగి పక్కన పెట్టింది. మర్నాడు పొద్దున రైలుకు గిద్దలూరు పోయిందని అమ్మ చెప్పింది.

బుధవారం చద్దన్నం తింటుంటే గుర్తొచ్చింది నాకు, తాళంచెవి బావిలో పడింది కదా! పిలవని ఇంటికి పోయిన మార్తక్కను ఆయన గడపలోనే నిలబెట్టి ఉంటే? ఆ వారమంతా తిండి సహించలేదు, ఆట సహించలేదు, రైలు కూత వినబడితే చాలు వీధిలోకి ఉరికేదాన్ని. ఆదివారం కొత్త బ్యాటరీ వేశారు. తెలిసిందేమంటే, సుందరమ్మ రానేలేదు. చలమయ్యే పోయి, అత్తగారి వాకిట్లో బురదలో జారిపడి, ఆ బురదతోనే పెళ్ళాన్ని పిలుచుకొచ్చాడు. అరుగు మీద మగవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది.

సోమవారం ఓబులమ్మ పెద్దమ్మ ఒళ్ళో తల పెట్టి అంతా కక్కేశాను.

“నువ్వు తాళం తీయించినప్పుడే తెలిసిందిలే మాకు.”

“మరి అప్పుడే చెప్పలేదేందీ?”

“మార్త మొగం చూసినాక ఎట్ల చెప్పేదే?”

“మార్తక్కకు తెలీదు కదా!”

“దానికా? ఆ తాడు ముడి ఎట్ల ఏసినాడని నిన్ను మూడుమాట్లు అడిగింది ఎవురే? పోవాలని దానికే ఉండింది. నీ అబద్ధం సాకుగా దొరికింది, అంతే.”

అయినా నా మనసు కుదుటపడలేదు. క్రిస్మస్‌కు మార్తక్క పుట్టింటికి వచ్చింది. వెనకే అరిసెల గంప పట్టుకుని బక్కపలచని మనిషి, వాళ్ళాయన. నేను అమ్మ చాటుకు దూరితే రెక్క పట్టి లాగి, “తరవాత ఏమయిందే? మాకాడ రేడియో లేదు” అంది. ఈసారి నిజమే చెప్పాను.

“వింటివా? రేడియోలో ఆయన బురదలో పడి మరీ పోయినాడంట” అని మార్తక్క మొగుణ్ణి పొడిచింది.

ఆయన తల ఎత్తలేదు. “నేనూ వచ్చినా. రెండుమాట్లు సగం దోవలో కంభం దాకా వచ్చి, అందరూ నవ్వుతారని ఎనక్కి పోయినా” అన్నాడు.

మార్తక్క గంప ఆయన చేతిలోంచి తీసుకుని తను ఎత్తుకుంది.

ఇప్పుడు ఆ షెడ్డు లేదు. అమ్మ లేదు, ఓబులమ్మ పెద్దమ్మ లేదు, మార్తక్క పోయిందని పోయినేడు తెలిసింది. మా మనవరాలూ దాని స్నేహితులూ పాత టీవీ కామెడీని ఫోనులో ఆపి ఆపి చూస్తూ, గోడ మీద గడియారం ముందు సీనులో అక్కడ లేదని కొట్టుకుంటుంటారు. వాళ్ళకేం, వెనక్కి జరిపి చూసుకుంటారు. సుందరమ్మ సంగతి చెబితే ఫోనంతా వెతికి, ఎక్కడా లేదు నానమ్మా అంది. నేనే చెప్పడం మొదలుపెట్టాను. చలమయ్యకు పెద్ద మీసం ఉండేదన్నాను. “నీకెవురు చెప్పినారే?” అని షెడ్డులోలా ఎవరైనా గదమాయిస్తారేమోనని కాసేపు ఆగాను.

“ఊఁ, తర్వాత?” అంది మనవరాలు.