కూటమి దూత ముందు మా అత్త

ఈ మధ్య టీవీలో ఇరుగుపొరుగు దేశాల కూటమి నాయకులు చేతులు కలుపుకుని ఫోటోకి నిలబడ్డారు. ప్రజాస్వామ్యం, సుపరిపాలన అంటూ ఎవరో ప్రకటన చదువుతుంటే నాకు మా అత్త గుర్తొచ్చింది.

ఆవిడ మా నాన్నకు అక్క. మా తాతలు వలసొచ్చిన నగరంలో, పజుండౌంగ్ పేటలోని మా తెలుగు చర్చిలో హార్మోనియం వాయించేది. పాట తప్పినవాళ్ళను దేవుడు క్షమించినా ఆవిడ క్షమించేది కాదు. సైన్యం అధికారం లాక్కున్న ఏడాది, నర్సుగా పనిచేస్తున్న ఆవిడ కూతురు, అంటే మా వదిన, సమ్మెలో చేరి ఊరేగింపులో దెబ్బలు తిన్నవాళ్ళకు కట్లు కట్టింది. పట్టుకుపోయి ఇన్సేన్ జైల్లో పెట్టారు. ఫోన్లు పలకవు, విమానాలు రావు. వీధి మొగలో ఇసుక బస్తాల వెనక తుపాకులు. సాయంత్రాలు నిరసనగా మేం గిన్నెలు మోగిస్తే, తాళం తప్పుతున్నామని అత్త విసుక్కునేది.

అప్పుడే కూటమి దూత వస్తున్నాడన్నారు. అందరి మాటా వింటాడట. వార్డు ఆఫీసరు ఇంటికొచ్చి, ఇంగ్లీషు బాగా వచ్చిన అత్తను కూడా ఆయన ముందు కూర్చోబెడతామన్నాడు. పేట ప్రశాంతంగా ఉందని చెబితే చాలట. వెళ్తూ వెళ్తూ చెప్పులు వేసుకుంటూ, అలా చెబితే అమ్మాయి ఇంటికి రావచ్చన్నాడు.

చెప్పేయమని అత్తను బతిమాలాను. ఒక్క అబద్ధమే కదా అన్నాను.

"అది బయటికొచ్చి, అమ్మా నువ్వేటి సెప్పినావని అడిగితే నానేటి సెప్పాల్రా?" అంది.

నగరం నడిబొడ్డున, చౌక్తడాలో పాత ఆఫీసు హాలు. అత్తకు మోకాళ్ళ నొప్పులని నన్ను తోడు రానిచ్చారు. ముందు మాట్లాడిన పెద్దలందరూ ప్రశాంతత గురించే చెప్పారు. అత్త వంతు వచ్చింది. ఆఫీసరు ఆవిడ మీంచి చూపు తిప్పలేదు. అత్త కుర్చీ పట్టుకుని లేచి, ముందు ప్రార్థన చేస్తానని అనుమతి అడిగింది. దూత తల వంచాడు. ఆయన వంచాక మిగతావాళ్ళూ వంచక తప్పలేదు.

ఆయన ప్రయాణం క్షేమంగా సాగాలంది. తర్వాత అదే గొంతుతో, తొణక్కుండా ఇంగ్లీషులో అంది: "ఇన్సేన్‌లో ఉన్న నా కూతుర్ని కాపాడు ప్రభువా. అంతా బాగుందని నన్ను చెప్పమన్నవాళ్ళను క్షమించు. ఈ పెద్దమనిషికి ఆ జైలు తలుపు తట్టే ధైర్యమియ్యి."

ఆఫీసరు బూటు నేల మీద గీసుకుంది. ఆమెన్ అనేదాకా ఎవరూ ఆపలేకపోయారు.

దూత తలెత్తి ఆవిడ వంక చూసి, "అడుగుతాను" అన్నాడు మెల్లగా.

ఆ మధ్యాహ్నమే అత్తను స్టేషనుకు తీసుకెళ్ళారు. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చి టీ అడిగింది. దూతను జైల్లోకి రానివ్వలేదని తర్వాత తెలిసింది. కూటమి ప్రకటనలో ఆందోళన అన్న మాట ఒక్కటే మిగిలింది. అయితే అదివరకు జైలు గేటు దగ్గరే తిప్పి పంపేసిన వదిన మందులు ఆ నెలలో లోపలికి తీసుకున్నారు. చాలాకాలానికి, ఖైదీలకు క్షమాభిక్ష పెట్టినప్పుడు వదిన బయటికొచ్చింది. దూత ఆవిడ గురించి నిజంగా అడిగాడో లేదో మాకెప్పటికీ తెలియలేదు.

జైలు సంగతులు చెప్పేటప్పుడు వదిన ఇప్పటికీ "నిన్న" అనే మొదలుపెడుతుంది. మేమెవరం సరిదిద్దం. కొన్ని ఏళ్ళు గడిచిపోవు, పక్క గదిలోకి జరిగి కూర్చుంటాయంతే.