ఎడమకు లాగే పసుప్పచ్చ కారు

బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తానంటే మా ఆవిడ దాన్ని తీసి అలమర పైన నాకందని చోట పెట్టింది. అందుకని నా సొంత నెత్తి మీదే చెయ్యి పెట్టుకొని చెప్తున్నాను. ఇందులో రాసిందంతా అక్షరాలా నిజం. ఒక్క మాట అబద్ధమైనా అక్కడ మిగిలున్న నాలుగు వెంట్రుకలూ రాలిపోనీ.

మా బళ్ళారి సీమలో ఇనుప మన్ను బంగారమైన రోజులవి. కొండను తవ్వడం, టిప్పర్లకెత్తడం, తోలడం. జిల్లాకంతా అదే పని. నేను కొండ తవ్వలేదు, టిప్పరూ కొనలేదు. టిప్పర్లున్నవాళ్లకూ మన్ను తోలించాల్సినవాళ్లకూ మధ్యలో నిలబడేవాణ్ని. నోరే నా పెట్టుబడి. ఆ కాలంలో మధ్యలో ఊరికే నిలబడినా ఒళ్లో ఏదో ఒకటి వచ్చి పడేది. నా ఒళ్లో కారు పడింది.

ఒక గని యజమాని అన్నకొడుకు మోజుపడి కొని, విసుగు పుట్టి అమ్మేసిన బండి అది. చూడ్డానికి చిన్న కారే. వెనక డిక్కీ కూడా పొడుచుకు రాదు. లోపల ఇంజిను మటుకు గుర్రం. పసుప్పచ్చ రంగు, వెనక ఒక రెక్క, నేలను ముద్దు పెట్టుకునేంత కిందికి దిగిన ఒళ్లు, వెడల్పాటి టైర్లు. నేను దాన్ని స్టార్ట్ చేస్తే కూరెకుప్పలో మా వీధి కోళ్లు గుడ్లు పెట్టడం మానేసేవి.

మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మాది తాతల నాటి నుంచీ మిషను సంఘం. ప్రతి ఆదివారం బళ్ళారికి చర్చికి పోవాల్సిందే. కారొచ్చాక మొదటి ఆదివారం ఆమె గంజిపెట్టిన తెల్లచీర కట్టుకొని నా పక్కన కూర్చుంది. తోరణగల్లు దాటాక రోడ్డు కాస్త ఖాళీగా దొరికింది. నాకు నోరు ఊరుకోదు కదా.

"చూడు, స్టీరింగు వదిలేస్తాండా. బాణం మాదిరి పోతాది," అన్నాను.

వదిలాను. బాణం మాదిరే పోయింది, కాకపోతే ఎడమపక్కకు. రోడ్డు దిగి, టిప్పర్లు తొక్కి తొక్కి పెట్టిన ఎర్రబురద గుంటలో కూర్చుంది. మా ఆవిడ తలుపు తీసి కాలు కింద పెట్టింది. దిగేటప్పుడు అది తెల్లచీర. గట్టెక్కేటప్పుడు ఇనుప ఖనిజం.

"ఏమప్పా," అంది చీర పిండుకుంటూ, "ఇది చేతులు వదిలితే నేరుగా పోయే దినం వచ్చేదాకా నేను దీంట్లో కాలు పెట్టను. బస్సులో వస్తా."

ఆమె ఇంజెక్షను ఇస్తానంటే ఇచ్చే మనిషి. మరుసటి ఆదివారం నుంచి నేను కారులో, ఆమె ఎర్రబస్సులో. చర్చి గేటు ముందు నేను పసుప్పచ్చ కారు దిగుతుంటే, రోడ్డవతల బస్సు దిగి, కొంగుతో దుమ్ము దులుపుకుంటూ నా భార్య వచ్చేది. సంఘమంతా చూసేది.

"ఏం నాయనా, ఇంట్లో అంతా బాగుండారా?" అని ముసలమ్మలు నా చెయ్యి పట్టుకొని అడిగేవాళ్లు.

"బాగుండామమ్మా. కారే స్వల్ప ఎడమకు పోతాంది."

"మొగోళ్లంతా అట్లే చెప్తారు నాయనా," అని నిట్టూర్చేవాళ్లు.

చివరికి మహిళా సమాజంలో ప్రార్థనకు పెట్టారు. రోగుల పేర్ల తరవాత, పరీక్షలు రాసే పిల్లల పేర్ల ముందు నా కారు. పాస్టరు అయ్యగారు వంకర దారుల మీద ప్రసంగం ఎత్తుకున్నప్పుడల్లా నేను బూట్లు చూసుకునేవాణ్ని.

నేనూ చేతులు కట్టుకొని కూర్చోలేదు. మా పక్కింటి టిప్పరు డ్రైవరు ఒకరోజు కారు కింద తల దూర్చి, "అన్నా, ఈ టైరు చూడప్పా. బయటపక్క పెండ్లికొడుకు, లోపలపక్క సన్నాసి," అన్నాడు. నిజమే. పైనుంచి చూస్తే గాట్లన్నీ కొత్తగా నిగనిగలాడుతున్నాయి. వంగి లోపలి అంచు చూస్తే దారాలు బయటికొచ్చాయి. చక్రాలు నిటారుగా నిలబడక లోపలికి వాలి పరిగెత్తితే అట్లా అరుగుతాయట. ఎలైన్‌మెంట్ చేయించమన్నాడు.

బళ్ళారి పొలిమేరలో కొత్తగా ఒక కంప్యూటర్ ఎలైన్‌మెంట్ దుకాణం వెలిసింది. నేలంతా నున్నటి టైల్సు, గోడకు పెద్ద టీవీ. ఓనరు తెల్లచొక్కా మనిషి. చక్రాలకు నాలుగు గుడ్డిదీపాల్లాంటివి తగిలించి, టీవీలో గీతలన్నీ ఆకుపచ్చగా మారేదాకా కింద బోల్టులు తిప్పించేవాడు. "నోడప్పా, చూడు, అంతా పచ్చ. ఇంక కండ్లు మూసుకొని తోలు," అనేవాడు. నేను కళ్లు తెరుచుకొని తోలినా అది ఎడమకే పోయేది. మళ్లీ వెళ్లాను, మళ్లీ పచ్చ. కొత్త టైర్లు వేయించాను. అవీ లోపల సన్యాసం పుచ్చుకున్నాయి.

టిప్పరు డ్రైవరు దగ్గర ఇంకో సిద్ధాంతం ఉండేది. సండూరు కొండ నిండా ఇనుమే కదా, కారును అదే లాగుతోందని. నాకది తెగ నచ్చింది. రాత్రి అన్నం తింటూ మా ఆవిడకు చెప్పాను, అయస్కాంతం గురించి నాలుగు మాటలు సొంతంగా కలిపి.

ఆమె మజ్జిగ పోస్తూ, "బళ్ళారికి పోయేటప్పుడు కొండ యాడుంటాది?" అంది.

"కుడిపక్క."

"కారు యాడికి పోయింది?"

నేను మజ్జిగ తాగేశాను.

"ఆ కంప్యూటరేందో నేనే వచ్చి చూస్తా," అంది.

చూడ్డానికి కూడా ఆమె బస్సులోనే వచ్చింది. బస్సు వెనక నా కారు. ఆమె చివరి సీటులో కూర్చొని, నేను స్టీరింగు వదుల్తానేమోనని వెనక అద్దంలోంచి దారి పొడుగునా నన్నే చూస్తూ ఉంది. మా పెళ్లిచూపుల్లో కూడా నన్నంతసేపు చూడలేదు.

దుకాణంలో మాకంటే ముందు ఒక కోస్తా రైతు ఉన్నాడు. కాలవ కింద వరి పండించే మనిషి. కారుకు నాలుగు కొత్త టైర్లు వేయించి, ఎలైన్‌మెంట్ అయిపోయాక, ఆచారం ప్రకారం ఒక్కో టైరు ముందూ ఒక్కో నిమ్మకాయ పెడుతున్నాడు. తొక్కించి బయల్దేరాలని. కుడి టైరు ముందు పెట్టి ఎడమవైపు వెళ్లేసరికి ఆ నిమ్మకాయ ఆయన వెనకే దొర్లుకుంటూ వచ్చేసింది. తీసుకెళ్లి మళ్లీ పెట్టాడు. మళ్లీ వచ్చింది. నాలుగూ కట్టగట్టుకొని ఎడమ గోడ మూలకు చేరాయి.

"శకునం బాగోలేదండీ," అన్నాడు రైతు చెమట తుడుచుకుంటూ. "ఇవాళ బండి కదపనండి."

మా ఆవిడకు శకునాల మీద నమ్మకం లేదు. నిమ్మకాయ మీద అసలే లేదు, చారులో తప్ప. కానీ ఒకటి తీసి, టీవీ కింద నేల మధ్యన పెట్టి వదిలింది. అది కాస్త ఆలోచించి, ఎడమ మూలకు పోయింది.

"అన్నా, నీ కంప్యూటరు మంచిదే," అంది ఓనరుతో. "నేలే వంకర ఉండాది."

"ఏంది సిస్టర్, ఇంత ఖరీదు టైల్సు వంకరా? ఆ నిమ్మకాయ సరిగ్గా గుండ్రంగా లేదు."

"సరే, గుండ్రంగా ఉండేది తెప్పియ్యి."

ఎదురుగా సోడాబండివాడు గంప మోసుకొచ్చాడు. ఆ పూట జరిగిందాన్ని క్రికెట్ మ్యాచి మాదిరి చూశారు జనం. ఓనరు తానే ఒక్కో కాయ ఏరి, అటూ ఇటూ తిప్పి చూసి, బిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టేవాడు. అది లేచి మూలకు పోయేది. ఆఖరికి గోలీసోడా సీసాలోంచి గోలీ తీయించాడు. అది నిమ్మకాయలకంటే తొందరగా పోయింది.

సంగతేమంటే, కింద నల్లరేగడి. ఎడమ గోడకు బయటపక్క రోజూ బరువెత్తిన టిప్పర్లు వరసగా నిలబడతాయి. ఆ బరువుకు ఒకపక్క నేల కుంగింది. టైల్సుతో సహా కుంగింది కాబట్టి కంటికి కనబడలేదు. పాపం యంత్రం వంకర నేలనే సమమనుకొని, నేరుగా ఉన్న చక్రాలను వంచి పచ్చదీపం చూపించింది. ఆ యేడు బళ్ళారిలో మంచి మంచి కార్లన్నీ అక్కడే సరిచేయించుకున్నాయి, నాకు అమ్మకముందు ఆ గని యజమాని అన్నకొడుకు చేతిలో ఉన్న నా కారుతో సహా. ఒక్క ముహూర్తానికి అందరూ స్టీరింగులు వదిలి ఉంటే జిల్లా పెద్దమనుషులంతా ఒకే కాలవలో కలుసుకునేవాళ్లు.

ఓనరు మంచివాడే. టైల్సు పగలగొట్టించి, గట్టిగా కాంక్రీటు పోయించాడు. పని జరిగినన్ని రోజులూ మా ఆవిడ డ్యూటీ దిగి, సంచీలో నిమ్మకాయతో వెళ్లి నేల చూసి వచ్చేది. ఆ సంచీతోనే చర్చికీ వచ్చింది. ప్రార్థన మధ్యలో కాయ జారి, బెంచీల కిందుగా దొర్లి, పాస్టరు అయ్యగారి పాదాల దగ్గర ఆగింది. అయ్యగారి మొహంలో రంగు మారింది.

"పూజకు కాదయ్యగారూ," అంది లేచి నిలబడి. "నేల చూడ్డానికి."

అయ్యగారు నిమ్మకాయను చూశారు, ఆమె కూర్చున్న చోటు చూశారు, మధ్యలో వాలుగా ఉన్న గచ్చు చూశారు. "తీసెయ్ తల్లీ," అన్నారు మెల్లగా. "కట్టడం కమిటీవాళ్లు చూస్తే మళ్లీ చందాలంటారు."

నిమ్మకాయ కదలకుండా నిలబడిన రోజు నా కారుకు మళ్లీ ఎలైన్‌మెంట్ చేశారు. మా ఆవిడ కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు తీసి, ఎక్కి కూర్చుంది. కూరెకుప్ప దారి పట్టాం. రోడ్డు ఖాళీ దొరికినచోట, "వదులు," అంది.

వదిలాను. రెండు చేతులూ పైకెత్తాను. కారు గీత గీసినట్టు నేరుగా పోయింది. ఆమె రోడ్డు చూసింది, నన్ను చూసింది. "ఆయ్తు, సరిపోయింది. పట్టుకో ఇంక, టిప్పరు వస్తాంది," అంది.

ఇప్పుడు నెత్తి మీంచి చెయ్యి తీస్తున్నాను. నిమ్మకాయలు నిజం, గోలీ నిజం, అయ్యగారి గచ్చు కూడా నిజం. నేను కల్పించింది ఒక్కటే, ఆ కారు తనంతట తాను నేరుగా పోవడం. చక్రాలు సరయ్యాయి గానీ, టిప్పర్లు నలగ్గొట్టిన ఆ రోడ్డే ఎడమకు వాలి ఉంది. దాని మీద ఏ కారూ నేరుగా పోదు. చేతులు పైకెత్తి, స్టీరింగును కింద నుంచి మోకాలితో పట్టుకున్నాను.

ఆమె చూసింది నన్ను కాదు, నా మోకాలిని. చూసి, అద్దం కిందికి దించి, సీటు కొంచెం వెనక్కి జరుపుకొని కూర్చుంది.