డెన్మార్క్ చేతికి బార్కస్ కట్టు

మా ఇంట్ల జరిగిన ముచ్చట నాకు మొదలు చెప్పింది కటింగ్ షాపు నర్సింహ. నా గదవకు సబ్బు పూసి, కత్తి మెడ మీదికి తెచ్చినంక అడిగిండు.

"మల్లన్నా, డెన్మార్క్ పిల్లగాని చెయ్యి ఇరుగగొట్టినవట గదనే?"

మెడ మీద కత్తి ఉన్నోడు ఏం జవాబిస్తడు? "ఊ" అన్న. గా ఒక్క ఊ పట్టుకోని నర్సింహ మా ఛత్రినాక బస్తీ మొత్తం పంచిపెట్టిండు. మల్లన్న సొంత నోటితోని ఒప్పుకున్నడని.

అందుకే గిది రాయిస్తున్న. నేను చెప్తుంటె మా కోడలు రాస్తున్నది. ఒక్క మాట ఇటుది అటు చెయ్యద్దన్న, సరే అన్నది. నవ్వద్దన్న, అది మాత్రం ఇంటలేదు.

నేను టైలర్‌ను. ముప్పై ఏండ్ల సంది అదే పని, అదే మిషిన్. మా దిక్కు బడిల స్కౌటు పిల్లలకు ఖాకీ అంగీలు, మెడకు కట్టుకునే రుమాళ్లు కుట్టేది నేనే. ఆ పిల్లలను అప్పట్ల ఆదివారం ఆదివారం నేర్పించేది రామ్మూర్తి సారు. కాకినాడ దిక్కు నుంచి వచ్చిండు, ఏదో సర్కారు దఫ్తర్ల క్లర్కు. మంచోడే అంటరు అందరు. నేను అన. ఒకసారి నేను కుట్టిన ప్యాంటు కాడ నిలవడి "ఒక అంగుళం పొట్టయినట్టుందండీ" అన్నడు. పొట్టి కాలే. ఆయన గుంజి పైకి కట్టుకుంటడు. ఇప్పుడు ఏ ఊళ్ల ఉన్నా గట్లనే కట్టుకుంటుండొచ్చు.

గా సారు ఒక దినం దుకాన్లకు వచ్చిండు. వేరే వేరే దేశాల స్కౌటు పిల్లలు మన ఊరికి వస్తున్నరంట. దోస్తీ చేసుకునుడు, ఒకరి పద్ధతులు ఒకరు నేర్చుకునుడు, గదీ పని. క్యాంపు డేరాలల్లకు పోయే ముందు రెండు రోజులు ఒక్కొక్కన్ని ఒక్కొక్క ఇంట్ల పెడ్తరంట.

"మీ ఇల్లు శుభ్రంగా ఉంటుందండీ, మాస్టరుగారూ. ఓ కుర్రాణ్ణి ఉంచుకుంటారా?"

"ఇల్లు శుభ్రంగ ఉంటదని ఇప్పుడు ఎరికైందా?"

"అదికాదండీ. ఆదివారం సాయంత్రం గ్రౌండులో మీటింగు. ఆతిథ్యం ఇచ్చినవాళ్లందరినీ స్టేజీ మీదికి పిలిచి, శాలువా కప్పిస్తాం. పెద్ద ఆఫీసరు వస్తున్నారు."

ఇన్నేండ్లు మంది భుజాలు కొలిచి బట్ట కప్పినోన్ని. నా భుజం మీద ఒక్కడు ఒక్క పోగు కప్పలే ఇంతవరకు. సరే అన్న. గల్లీల అందరికీ చెప్పిన. నాతోని మాటలు లేనోళ్లకు నా పెండ్లాం సత్తెమ్మతోని చెప్పిపిచ్చిన.

సారు ఒక కాగితం గూడ ఇచ్చిండు. "వాళ్ల పద్ధతులు తెలుగులోనే రాశానండీ, ఒకసారి చదువుకోండి." సరే అన్న. అక్షరాలు దూరం దూరం నిలవడితె నేను చదువుత. ఒత్తులు, గుణింతాలు ఒకదాని నెత్తి మీద ఒకటి ఎక్కినయంటె మాత్రం నాతోని కాదు. కాగితం మాత్రం మస్తు మందం. కాలర్ నమూనాకు కత్తిరించిన.

ఇంకో పని చేసిన. అది గూడ దాచ. స్కౌటు రుమాళ్ల బట్ట కొంచెం మిగిలింది. టైలర్ దగ్గర బట్ట ఎట్ల మిగుల్తదని అడుగకుండ్రి. నీలం రంగు, పసుపు అంచు. నాకు గూడ ఒకటి కుట్టుకున్న. విదేశం నుంచి మెహ్మాన్ వచ్చినప్పుడు ఇంటి పెద్ద మెడ ఉత్తగుంటె మంచిగుండదు గద.

శనివారం పగటాల రామ్మూర్తి సారు పిల్లగాన్ని రిక్షల తెచ్చి దించి, ఇంకో పిల్లగాన్ని దించాలని అట్లనే పోయిండు. పిల్లగాడంటె పదిహేడేండ్లోడు. మా దర్వాజకు నెత్తి తాకింది. ముఖం ఎర్రగ, జుట్టు పీచు లెక్క. నేను ఇస్త్రీ ధోతి, కోటు, మెడకు రుమాలు కట్టుకోని ఎదురు పోయిన.

"నీ పేరేంది బిడ్డా? నేమ్?"

"ఎరిక్."

"నీకు ఎరికే. నాకు చెప్పు."

"ఎరిక్!"

"ఎరికైతె చెప్పరాదురా."

సత్తెమ్మ తలుపు చాటుకెల్లి అన్నది, "అదే ఆయన పేరేమోనయ్య." ఆడోళ్లకు గట్ల మధ్యల దూరుడు అలవాటు. తీరా చూస్తె అదే ఆయన పేరు.

నేను కుడిచెయ్యి చాపిన. ఎరిక్ నా మెడల రుమాలు చూసిండు, నవ్విండు, ఎడమచెయ్యి ముందట పెట్టిండు.

ఎడమచెయ్యి. మా ఇంట్ల. మా గల్లీల ఎవడన్న ఎడమచేత్తోని నాకు నీళ్ల గిలాస ఇచ్చినా నేను తీసుకోను. ఈయన చెయ్యే ఇస్తున్నడు. కోపం బయటికొచ్చే లోపటనే పిల్లగాడు కుడిచెయ్యి లేపి సలాం కొట్టిండు. అప్పుడు చూసిన. మూడువేళ్లు లేస్తున్నయి. చిటికెన వేలు లేస్తలేదు. ముడుసుకోని బొటనవేలి కింద పడ్డది.

నా కోపం మొత్తం దిగిపోయింది. సత్తెమ్మ చెవుల చెప్పిన, "పాపం, పిల్లగానికి కుడిచెయ్యి బాగలేదే. నరం పట్టింది."

"అయ్యో. గింత దూరం ఎట్ల పంపిన్రు తల్లిదండ్రులు?"

"ఊకో. ఆయన ముంగట అనకు."

సాయంత్రం అన్నం కాడ ఇంకా ఖరారైంది. ఇరానీ హోటల్‌కెల్లి ముండ్ల చెంచ అడిగి తెచ్చిన. ఎరిక్ దాన్ని ఎడమచేత్తోనే పట్టిండు. కుడిచెయ్యి ఒడిల పెట్టుకోని కూసున్నడు. సత్తెమ్మకు కండ్లల్ల నీళ్లొచ్చినయి. చెంచ గుంజుకోని, పప్పన్నం ముద్ద చేసి నోట్ల పెట్టింది. పిల్లగాడు ఒక్క నిమిషం బిత్తరపోయిండు. తర్వాత నోరు తెరిచిండు. ఇగ రెండు రోజులు తెరుస్తనే ఉన్నడు.

అయినా నేను అడుగకుంట ఏ పనీ చెయ్య. నాకొచ్చిన ఇంగ్లీషు టేపు మీదిది. చెస్టు, షోల్డరు, స్లీవు. ఆయన కుడి భుజం కాడ అంగీ పట్టుకోని అడిగిన, "స్లీవు బ్యాడ్?"

ఎరిక్ ముఖం వెలిగిపోయింది. "ఎస్, ఎస్! బ్యాడ్ జీ."

చూసినవానె, అన్న సత్తెమ్మతోని. సొంతంగ ఒప్పుకుంటున్నడు. పైంగ జీ అంటున్నడు. ఎవరు నేర్పిన్రో గని మర్యాద నేర్పిన్రు.

ఆదివారం పొద్దుగాల్నే బార్కస్ పోయి సాలెహ్ పహిల్వాన్‌ను తోలుకొచ్చిన. ఎముకలు కూర్చుడు, నరాలు సవరించుడు వాళ్ల తాతల నాటి పని. పహిల్వాన్ లుంగి సదురుకోని కూసోని, ఎరిక్ చెయ్యి భుజం కాడి నుంచి వేళ్ల దాక పిసికిండు. మోచెయ్యి కాడ ఒత్తంగనే పిల్లగాడు "ఓ" అన్నడు.

"దేఖా? నస్ యహీఁ హై," అన్నడు పహిల్వాన్. నరం గిక్కడనే ఉన్నదంట. పహిల్వాన్ గట్ల ఒత్తితె గోడ గూడ ఓ అంటదని నాకు అప్పుడు తోచలే.

సంచిలకెల్లి కోడిగుడ్లు, నల్ల లేపనం, ఎదురుబొంగు బద్దలు తీసేటాళ్లకు ఎరిక్ లేచి నిలవడ్డడు. భుజం మీద కుట్టుకున్న ఎర్ర గుర్తును చూపిచ్చుకుంట, "ఫస్ట్ ఎయిడ్? ఫస్ట్ ఎయిడ్?" అన్నడు.

"ఏమంటున్నడు?" అన్నడు పహిల్వాన్.

"జల్ది మందు పెట్టుమంటున్నడు భాయ్. గుర్తు గాడనే ఉన్నది, చూడు. నొప్పి గాడనే."

పెట్టిండు. గుడ్డు సొన, లేపనం, దూది, బద్దలు, దాని మీద నా ఖాకీ బట్ట. ఎరిక్ ప్రతి చుట్టు పరీక్షగ చూసిండు. ముడి ఏసేటప్పుడు మల్లొకసారి ఎయ్యుమని సైగ చేసిండు. ఎడమచేత్తోని చిన్న పుస్తకంల బొమ్మ గీసుకున్నడు. ఎంత ఓర్పు పిల్లగానికి, అనుకున్న. పహిల్వాన్ మూడు రోజులు విప్పద్దని చెప్పి పోయిండు. రెండు గంటలల్ల కట్టు మొద్దు లెక్క గట్టివడ్డది.

నాలుగింటికి గ్రౌండ్‌కు పోయినం. గల్లీ సగం మా ఎనుక. పిల్లలు జెండాలు పట్టుకోని వరుసగ నడుస్తున్నరు. డెన్మార్క్ జెండా పట్టాల్సింది ఎరిక్. ఆయన కుడిచెయ్యి వంగితె గద. ఎడమ చంకల జెండా పెట్టుకోని, కుడిచెయ్యి మెడకు ఏలాడేసుకోని, నవ్వుకుంట నడిచిండు. స్టేజీ మీద పెద్ద ఆఫీసరు లేచి నిలవడ్డడు. రామ్మూర్తి సారు ముఖం సున్నం కొట్టినట్టయింది.

"ఆ కుర్రాడికి ఏమైంది?" అన్నడు ఆఫీసరు. మైకు ముందటనే అన్నడు, అందరికి వినవడ్డది.

సారుకు ఏం తెల్సు? తెల్వదని చెప్తె అయిపోతుండె. చెప్పలే. మైకు గుంజుకున్నడు. "మన డెన్మార్క్ సోదరుడు, ఆతిథ్య గృహంలో చెయ్యి విరిగినప్పటికీ, చిరునవ్వు చెదరకుండా జెండా మోస్తున్నాడు. ఇదే స్కౌటు ధైర్యం!"

గ్రౌండ్ మొత్తం చప్పట్లు. పక్కకు మా గల్లీ వాళ్లు మాత్రం నన్ను చూస్తున్నరు.

ఆఫీసరుకు మనసు కరిగింది. పళ్లెంల ఉన్న శాలువాల మీదికెల్లి ఒకటి తీసి ఎరిక్ భుజం మీద కప్పిండు. తర్వాత ఆతిథ్యం ఇచ్చినోళ్లను ఒక్కొక్కరిని పిలిచిన్రు. నా పేరు ఆఖరుకు. ఎక్కి మెడ వంచిన. ఏం పడలే. కండ్లు లేపి చూస్తె పళ్లెం ఖాళీ. శాలువాలు లెక్క ప్రకారమే తెచ్చిన్రంట. ఆఫీసరు రెండు చేతులు జోడించిండు. వంచిన మెడ వంచినట్టె దిగొచ్చిన.

స్టేజీ ఎనుక సారు నన్ను పట్టుకున్నడు. "ఏం చేశారండీ కుర్రాణ్ణి?"

"నేనేం చేసిన? అవిటి చెయ్యి పిల్లగాన్ని నా ఇంటికి తోలి, ఒక్క మాట చెప్పకపోతిరి."

"అవిటి చెయ్యేంటండీ?"

కత్తెర లేకుంట నేను ఇల్లు కదల. కుట్టు ఇప్పినట్టు ఆ కట్టు పొడుగూత కోసిన. లోపటికెల్లి మంచి చెయ్యి వచ్చింది. అయిదువేళ్లు చాపిండు, ముడిసిండు, నెత్తి గోక్కున్నడు. కొంచెం గుడ్డు వాసన, గంతె.

అప్పుడు చెప్పిండు సారు. ప్రపంచంల ఎక్కడైన స్కౌటుకు స్కౌటు ఎదురువడితె ఎడమచెయ్యే కలుపుతరంట. నమ్మకానికి గుర్తంట. సలాం మూడువేళ్లతోనే కొడ్తరంట, చిటికెన వేలును బొటనవేలే పట్టుకుంటదంట. ముండ్ల చెంచ వాళ్ల దేశంల ఎడమచేత్తోనే పడ్తరంట. భుజం మీది గుర్తును బ్యాడ్జీ అంటరంట. దెబ్బలకు కట్లు కట్టుడు నేర్చుకున్నోళ్లకు ఇచ్చే బ్యాడ్జీ.

"మరి నేను స్కౌటును కాదు గద. నాకెందుకు ఎడమచెయ్యి ఇచ్చిండు?"

సారు నా మెడ దిక్కు చూసిండు. "ఆ రుమాలు ఎవరు కట్టుకోమన్నారండీ? మిమ్మల్ని పెద్ద స్కౌటు అనుకున్నాడు. అయినా కాగితంలో రెండో లైనులోనే రాశాను. చదవలేదా?"

"చదివిన."

"మరి?"

"రెండో లైను కాలర్ల పోయింది."

సారు కూసున్నడు. నవ్విండో ఏడ్చిండో తెల్వలే. నేను మైకు చూపిచ్చిన. "పోయి చెప్పుండ్రి, చెయ్యి ఇరుగలేదని."

"ఇప్పుడు చెబితే ఆఫీసరుగారి ముందు నా పరువేం కానండీ? వదిలెయ్యండి, నాల్రోజుల్లో అందరూ మర్చిపోతారు."

ఆయన పరువు ఆయన దాచుకున్నడు. నాది నర్సింహ కత్తి కిందికి పోయింది. ఎవ్వరు మర్చిపోలే. పైంగ ఆనాటి ఫోటో పెద్దగ చేసి బడిల స్కౌటు గదిల గోడకు కొట్టిన్రు. కింద ఏం రాసిన్రో కోడలు పోయి చదివొచ్చింది. "అతిథి గృహంలో చెయ్యి విరిగినా జెండా విడువని వీరుడు." నాలుగేండ్లయింది, గట్లనే ఉన్నది.

మొన్న డెన్మార్క్ నుంచి ఉత్తరం వచ్చింది. కోడలే చదివి చెప్పింది. ఎరిక్ ఇప్పుడు వాళ్ల ఊళ్ల పిల్లలకు స్కౌటు నేర్పిస్తున్నడంట. బార్కస్ కట్టు అని పేరు పెట్టి, గుడ్డు సొనతోని సహా నేర్పిండంట. ఆ దినం నేను ఆయన బ్యాడ్జీ చూసి, ముచ్చటపడి, మన దేశపు కట్టు చూపిచ్చేటందుకు ఉస్తాద్‌నే ఇంటికి తోలుకొచ్చిన అనుకుంటున్నడు. గసోంటి దోస్తీ ఇంకెక్కడ చూడలేదంట. ఒక్కటే అడిగిండు. "మీ దేశంలో అతిథికి ఇంటి తల్లి చేత్తో తినిపిస్తుందని ఇక్కడ అందరికీ చెప్తున్నాను. నిజమే కదా?"

సత్తెమ్మ కొంగుతోని ముక్కు తుడుచుకున్నది. "నిజమేనని రాయి," అన్నది కోడలితోని.

రాసినం. నేను గూడ అడ్డం చెప్పలే.

రామ్మూర్తి సారు బదిలీ అయి పోయిండు. కాబట్టి గా స్కౌటు గది తాళం ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నదో వాళ్లను అడుగుతున్న. ఫోటో కింది రాత తీసెయ్యుండ్రి. శాలువా అడుగుతలేను. గిట్ల రాయుండ్రి: "ఈ పిల్లగాని చెయ్యి ఇరుగలే. మంచిగున్న చేతికి కట్టు కట్టిచ్చినోడు ఛత్రినాక టైలర్ మల్లయ్య." చేతులు ఇరిచెటోడు అనిపించుకునుడు కన్న తెలివి తక్కువోడు అనిపించుకునుడు నాకు నయం. రాసినంక ఒకలను పంపుండ్రి, వచ్చి నిలవడి చూసుకుంట. అక్షరాలు మాత్రం కొంచెం దూరం దూరం పెట్టుండ్రి.