తాళం వేసిన కొట్లో మజ్జిగ

పిల్లలూ, మొన్న ఫోన్లో మీరిద్దరూ పోటీ పడి అడిగారు, "అమ్మమ్మా, కోర్టులో నువ్వు జడ్జివా, లాయరువా?" అని. రెండూ కాదమ్మా. నేను గుమాస్తాను. అప్పుడు లైను సరిగ్గా లేక చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

ఎవరైనా దావా వేస్తే, అవతలివాళ్లకు "ఫలానా రోజు వచ్చి జవాబు చెప్పుకోండి" అని కోర్టు నుంచి కాగితం వెళుతుంది. వాటినే సమన్లు అంటారు. వాటిని పట్టుకెళ్లి చేతికిచ్చే ఉద్యోగిని ప్రాసెస్ సర్వర్ అంటారు. ఇచ్చాడో లేదో, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో ఆ కాగితం వెనకే రాసి తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. నేను చూసి, సంతకం చేసి, జడ్జిగారికి పంపేదాన్ని. అంతే నా పని.

కాని ఆ వెనక రాసే ఒక్క వాక్యానికి ఎంత బలముందో బయటివాళ్లకు తెలియదు. "తలుపు తాళం వేసి ఉన్నది" అని రాస్తే చాలు, కేసు రెండు నెలలు వెనక్కి పోయేది. మళ్లీ సమన్లు, మళ్లీ తాళం. వ్యాపార తగాదాలను త్వరగా తేల్చాలని ప్రత్యేకంగా కొత్త కోర్టు పెట్టారు, నన్ను అందులో వేశారు. హాలు కొత్తది, కుర్చీలు కొత్తవి, కంప్యూటర్లు కొత్తవి. తాళం మాత్రం పాతదే.

అక్కడికి ఆటోనగర్ నుంచి ఒక సాయిబుగారు వచ్చేవారు. లారీ ఇంజన్లలో తిరిగే క్రాంక్ అరిగిపోతే, దాన్ని మళ్లీ నున్నగా సానబట్టే మెషిన్ ఉండేది ఆయనకు. తండ్రి కొన్న మెషిన్. మరమ్మతుకని ఒక డీలరుకు అప్పగిస్తే, ఆ డీలరు "నువ్వు కొత్తదానికి ఎక్స్ఛేంజ్ కింద ఇచ్చావుగా" అని దాన్ని అట్టిపెట్టేసుకున్నాడు. మెషిన్ లేక షెడ్డు మూతబడింది. ఆయన పక్క షెడ్డులో కూలికి పనిచేస్తున్నారు. నెలల తరబడి చూసి, ఇక ఈ నెలాఖరులోగా మెషిన్ రాకపోతే షెడ్డు యజమాని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడట. వాయిదాకు వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర నిలబడి ఒకటే అడిగేవారు.

"ఈసారైనా దొరికారా అమ్మా?"

"లేదండీ. తాళం అని రాశారు."

"అదేంటమ్మా! నేను రోజూ అటే వెళ్తన్నా. కొట్టు బార్లా తీసే ఉంటంది."

నేను తల వంచుకుని ఫైలు సర్దేదాన్ని. ఆ రాతల సంగతి నాకు తెలియక కాదు.

ఆ నెలలోనే వచ్చిన గుణదల మాత తిరునాళ్లకు సెలవు పెట్టాను. మన ఇంటి నుంచి కొండ దాకా నడుస్తుంటే దారంతా జనం. ఎండెక్కింది, కాళ్లు లాగాయి. రోడ్డు పక్కన ఒక కొట్టువాళ్లు పందిరి వేసి యాత్రికులకు మజ్జిగ పోస్తున్నారు. నన్ను చూసి "రండి పిన్నిగారూ, లోపల ఫ్యాన్ కింద కూర్చోండి" అని పిలిచారు. లోపలికెళ్లి కూర్చున్నాను. చుట్టూ మెషిన్లు. మజ్జిగ తాగుతూ గోడ మీద బోర్డు చూసి గ్లాసు కింద పెట్టేశాను. మూడుసార్లు తాళమని తిరిగొచ్చిన సమన్ల మీదున్న డీలరు పేరే అది. గడియారం చూశాను. పదకొండు.

రెండ్రోజుల తర్వాత ఆఫీసుకెళ్లేసరికి ఆ సమన్లు నాలుగోసారి తిరిగొచ్చి ఉన్నాయి. వెనక ఇలా ఉంది: తిరునాళ్ల రోజు, పదకొండు గంటలకు వెళ్లగా కొట్టు తాళం వేసి ఉన్నది, చుట్టుపక్కల విచారించగా ఆచూకీ తెలియదన్నారు.

ప్రాసెస్ సర్వర్ని పిలిచాను. ఇరవై ఏళ్లుగా నన్ను అక్కా అనేవాడు. మీ తాతయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు మూడు రోజులు బయట బెంచీ మీద పడుకున్నవాడు.

"తమ్ముడూ, నిజంగా వెళ్లావా?"

"వెళ్లానక్కా. షట్టర్ దించేశారు."

"ఆ షట్టర్ లోపల కూర్చునే నేను మజ్జిగ తాగాను."

వాడి మొహం పాలిపోయింది. పక్క బల్ల గుమాస్తా పకపకా నవ్వాడు. "మేడంగారూ, తాళం వేసిన కొట్లో మజ్జిగ తాగొచ్చింది మీరొక్కరే!"

"తిరునాళ్ల రోజు ఆ రోడ్డులో కొట్లు తీస్తారని నాకేం తెలుసు" అని గొణిగాడు వాడు. వాడిది ఉయ్యూరు అవతల. గుణదలలో పండగంటే కొట్లు కట్టేయరని, ఆ రోజే అందరూ గుమ్మంలో నిలబడతారని వాడికి తెలియదు.

తర్వాత నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు. "బండి ఖర్చులకని ఇచ్చారక్కా. కొత్తేం కాదుగా! మన సెక్షన్‌కి వచ్చే స్వీటు పెట్టెలు ఎవరిచ్చారనుకున్నావు? నువ్వు తినలేదా?"

తిన్నాను పిల్లలూ. ఎవరిచ్చారని ఒక్కసారీ అడగలేదు. ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది.

"తిన్నాను. అది కూడా రాస్తాను" అన్నాను.

"నీకింకా ఆరు నెలలే సర్వీసుంది. పెన్షన్ ఆగిపోద్ది. పిచ్చి పట్టిందా అక్కా నీకు?"

బల్ల దగ్గరికొచ్చి ఒక పేజీ రాశాను. ఆ రోజు ఆ గంటకు నేనెక్కడ కూర్చున్నానో రాశాను. స్వీటు పెట్టెల సంగతీ రాశాను. తొందరలో అక్షరాలు వంకర పోయాయి. కొట్టేసి మళ్లీ రాయాలనిపించలేదు. అలాగే పంపాను.

జడ్జిగారు పిలిపించారు. చిన్నవాడే. కాగితం రెండుసార్లు చదివి అడిగారు.

"మీమీద మీరే రాసుకున్నారేంటమ్మా?"

"అది వదిలేస్తే మిగతాది అబద్ధం అవుద్దండీ."

ఆయన కాగితాన్ని ఫైల్లో పెట్టారు. తర్వాత, "దీన్ని ఆపాలంటే ఏం చెయ్యాలి? మీరే చెప్పండి" అన్నారు.

అన్నేళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. చెప్పాను. మా దగ్గర ఒక్కో ప్రాసెస్ సర్వర్‌కి ఒక్కో పేట రాసిచ్చినట్టు ఉండేది. ఆ పేట కొట్లవాళ్లకు ఎవరొస్తారో ముందే తెలుసు, ఎవరిని మంచి చేసుకోవాలో తెలుసు. "పేటలు తీసెయ్యండి సార్. రోజూ పొద్దున చీటీలు తీయిద్దాం. ఎవరికి ఏది వస్తే అది. వెళ్లినవాళ్లు గుమ్మం ముందు ఫోన్లో ఫొటో తీసి, టైముతో సహా తేవాలి."

మర్నాటి నుంచే చీటీలు మొదలయ్యాయి. స్టీలు డబ్బాలో వేసి నేనే కలిపేదాన్ని. మొదటి వారం సెక్షన్లో నాతో ఎవరూ మాట్లాడలేదు. అన్నం డబ్బా ఒక్కదాన్నే విప్పుకునేదాన్ని. నాకు మెమో ఇచ్చి మందలించారు, పెన్షన్ ఆగలేదు. తమ్ముడిని విచారణ ముగిసేదాకా పక్కన పెట్టారు. వాడి భార్య మన ఇంటికొచ్చి ఏడ్చింది. కాఫీ ఇచ్చాను, ఓదార్చాను. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

చీటీలు మొదలైన రెండో రోజునే సాయిబుగారి కేసు సమన్లు డీలరుకు అందాయి. ఫొటోలో డీలరు నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. వాయిదాకు పరుగున వచ్చాడు. జడ్జిగారు ఇద్దరినీ మధ్యవర్తి దగ్గర కూర్చోబెట్టారు. ఎక్స్ఛేంజ్‌కి ఒప్పుకున్నట్టు సంతకమున్న కాగితం ఏదని మధ్యవర్తి అడిగితే డీలరు దగ్గర ఏమీ లేదు. రెండోసారి కూర్చున్నప్పుడే మెషిన్ ఇచ్చేస్తానని రాసిచ్చాడు. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుండగా అది లారీ ఎక్కింది.

ఆ సాయంత్రం సాయిబుగారు సంచీ నిండా జామకాయలతో వచ్చారు.

"వద్దండీ" అన్నాను.

"లంచం కాదమ్మా! మా పెరట్లో చెట్టువి."

"కావచ్చు. ఫైలు ఇంకా నా బల్ల మీదే ఉందండీ."

ఆయన చిన్నబుచ్చుకున్నారు. "సరే, రిటైరయ్యాకైనా షెడ్డుకి రావాలి. వస్తానని మాటివ్వండి" అన్నారు. ఇచ్చాను.

రిటైరైన వారానికి ఆటోనగర్ వెళ్లాను. మెషిన్ తిరుగుతోంది, నూనె చిమ్ముతోంది, ఎవరి మాటా ఎవరికీ వినబడడం లేదు. ఆయన మెషిన్ ఆపి, అప్పుడే సానబట్టిన క్రాంక్‌ని గుడ్డతో తుడిచి నా ముందు పెట్టారు. చెయ్యి వేసి చూశాను. ఇంకా గోరువెచ్చగా, అద్దంలా నున్నగా ఉంది. ముప్పై ఏళ్లు కాగితాలే ముట్టుకున్న చెయ్యి నాది. నా ఉద్యోగం వల్ల జరిగిన పనిని చేత్తో తాకడం అదే మొదటిసారి. నాకు గర్వంగా అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.