దిగనివ్వని ఆట

ఆమె సర్వీసంతా బస్సు కండక్టరుగానే గడిచింది. రిటైరయ్యాక, నెల్లాళ్లు ఉండి వెళ్దామని కూతురింటికి వచ్చి, మనవరాలి కోసం రెండేళ్లుగా ఆ మూడో అంతస్తులోనే చిక్కుకుపోయింది.

వచ్చిన కొత్తలో పాప గిన్నెల మూతలతో తనలో తానే ఆడుకునేది. అమ్మమ్మకు కాస్త నడుం వాల్చే వీలుండేది. పాపకు నాలుగో ఏడు వచ్చేసరికి ఆటకు మనిషి కావాల్సి వచ్చింది. సోఫా బస్సయింది, అమ్మమ్మ ప్రయాణికురాలైంది.

"దిగుతానే తల్లీ, కాళ్లు పట్టేశాయి."

"స్టాప్ రాలేదు. కూర్చో అమ్మమ్మా!"

ఒకరోజు ఎదురింటి పిల్లవాడు వచ్చాడు. మొదట ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఎవరి బొమ్మతో వాళ్లు ఆడారు. కాసేపటికి డ్రైవరు ఎవరని పోట్లాడుకుని, వంతులు వేసుకున్నారు. అమ్మమ్మను ఎవరూ పిలవలేదు. పాపకు తోడు దొరికింది, ఇక తన ఇంటికి వెళ్తానని ఇవాళే కూతురికి చెప్పేయాలనుకుంది ఆమె.

సాయంత్రం కూతురు సంతోషంగా వచ్చింది. "అమ్మా, ఎదురింటావిడ కూడా ఉద్యోగంలో చేరుతోందట. పిల్లలిద్దరూ బాగా కలిసిపోయారుగా, రేపట్నుంచి వాణ్ని కూడా నీ దగ్గరే వదులుతానంది. సరేనన్నాను."

అమ్మమ్మ నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. "వాడు పాలు తాగుతాడా, తాగడా?" అని మాత్రం అడిగింది.