క్లచ్ మీద కాలు

మా బామ్మర్దికి క్లచ్ మీద కాలేసి బండి తోలే అలవాటు లేదు. ఎప్పుడూ లేదు. బండి చెడిపోయిన రోజున నూజివీడు షెడ్డులో పదిమంది ముందు ఆ మాట అనవలసినవాణ్ణి నేనే. అనలేదు.

నాకు మైలవరంలో కొట్టు ఉంది. బోరు మోటార్లు, పైపులు, మందు కొట్టే యంత్రాల సామాన్లు అమ్ముతాను. వచ్చిన రైతులు పనిలో పనిగా బండ్ల సంగతి కూడా అడుగుతుంటారు. "మీరు గ్యాస్ బండి వాడారు కదండీ, అది తీసుకోమంటారా, డీజిల్‌ది తీసుకోమంటారా?" అని. ఇన్నేళ్ళూ వాళ్ళకి ఒకటే చెబుతూ వచ్చాను: "బండిదేముందండీ, తోలేవాణ్ణి బట్టి ఉంటుంది." వినడానికి పెద్దమనిషి మాటలా ఉండేది. తోలినవాడెవడో మా చుట్టుపక్కల అందరికీ తెలుసు కాబట్టి, అలా అన్న ప్రతిసారీ అతని పేరు మీద ఇంకో దోసెడు మన్ను పోసినట్టయ్యేది.

అతను నా మేనమామ కొడుకు, నా భార్యకు తమ్ముడు. చిన్నప్పటి నుంచి ఒకచోట పెరిగాం. నన్ను 'బావా' అంటూనే అనాల్సినవన్నీ అంటాడు. మామిడి కాలంలో లోడ్లు తోలడం, పూత కాలంలో తోటలకు మందు కొట్టడం అతని పని.

మా వైపు చిన్న రసాల లోడు ఎవరికి పడితే వాళ్ళకివ్వరు. బంగినపల్లి కాస్త కుదుపు ఓర్చుకుంటుంది. రసం ఓర్చుకోదు. ట్రేల అడుగున వరిగడ్డి ఎంత పరిచినా, తోలేవాడు ఒక్కసారి గట్టిగా బ్రేకు కొడితే కింది వరస కాయ మెత్తబడి సాయంత్రానికి చెమ్మ ఊరుతుంది. అందుకని మండీ షావుకార్లు బండి కంటే ముందు మనిషిని చూస్తారు. "చెయ్యి మెత్తనివాడు" అంటారు. అలాంటివాళ్ళకే రసాలు. చెయ్యి మొరటువాళ్ళకి కలెక్టర్ కాయ. అది గట్టి కాయ, జ్యూస్ ఫ్యాక్టరీకి పోతుంది. బండిలో గుట్టగా పోసుకుని వెళ్ళి అక్కడ గుట్టగా కుమ్మరించి రావడమే. మా బామ్మర్దిది ఆ రోజుల్లో రెడ్డిగూడెం నుంచి నూజివీడు దాకా అందరూ ఎరిగిన మెత్తటి చెయ్యి. అప్పటికి అతనికి సొంత బండి లేదు, ఊళ్ళోవాళ్ళ బండ్లు తోలేవాడు. అయినా షావుకార్లు, "నువ్వు ఏ బండి తెచ్చుకున్నా సరే" అనేవాళ్ళు.

ఇద్దరం కలిసి ఒక చిన్న ట్రక్కు బండి కొందామనుకున్నాం. మామూలు రోజుల్లో నేను దాని మీద మైలవరం వెళ్ళి వస్తాను, కొట్టు సామాను కూడా వేసుకుంటాను. పూత కాలంలోనూ కాయ కాలంలోనూ అతను వాడుకుంటాడు. మందు కొట్టడానికి రెండు చక్రాల ట్రాలీ మీద నీళ్ళ ట్యాంకు, యంత్రం ఉండేవి. అప్పటిదాకా దాన్ని అద్దె ట్రాక్టరుకి కట్టేవాళ్ళం. పూత విచ్చుకున్న వారంలో ట్రాక్టరు దొరకడం కష్టం, అందరి తోటలకీ ఒకేసారి కావాలి కదా. ఇకమీదట ట్రాలీని మన బండే లాగాలన్నది అతని ఆలోచన.

అక్కడే పేచీ వచ్చింది. నాది గ్యాస్ బండి. అతనిది డీజిల్.

"రోజూ వెళ్ళొచ్చేది నేను," అన్నాను. "డీజిల్ దాంట్లో కూర్చుంటే నడుము కదిలిపోద్ది. ఆ మోత, ఆ పొగ."

"రోజూ నిన్ను మోస్తది సరే. నువ్వేమన్నా ట్యాంకంత బరువున్నావా బావా? ఉన్నావనుకో, అప్పుడు కూడా డీజిలే కావాలి."

"గ్యాసు చవక."

"చవకే. బంకు దగ్గర బండ్ల వెనకాల నిలబడి ఉంటే ఈలోపు నా కాయ ఉడికిపోద్ది. నీ పైపులకేం, ఎండ తగిలినా పైపులే."

మా అత్త గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "పెళ్ళిచూపులకి పోయినట్టు రోజుకో బండిని చూసొస్తున్నారు. ఆ పిల్ల నలుపు, ఈ పిల్ల పొట్టి. తెచ్చేదేదో తెండ్రా, మీ మాటలయ్యేలోపు పూత కాస్తా పిందవుద్ది," అంది.

నిజానికి అతని వాదనలోనూ కొంత మోజు కలిసి ఉంది. డీజిల్ ఇంజను చప్పుడంటే అతనికి ఇష్టం. "అది మాట్లాడుద్ది బావా," అనేవాడు. ఆ మోజును పట్టుకుని నేను అతని మాట తేలిగ్గా తీసేశాను.

తేల్చుకోలేక, నూజివీడు షెడ్డులో మా ఊరి బండ్లు చూసే మెకానిక్ దగ్గరికి ఒకరోజు నేనొక్కణ్ణే వెళ్ళాను. బామ్మర్దిని తీసుకెళ్ళకపోవడం మరచిపోయి కాదు. ఆ మెకానిక్ ఒక బండి కింద పడుకునే నా ప్రశ్నంతా విన్నాడు. తర్వాత బయటికి జరిగి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"రోడ్డు మీదికి గ్యాసే మేలండి. మీరు మైలవరం పోయి రావడానికి, ట్రేలు వేసుకుపోడానికి దానికి వంక లేదు. కానీ దానికి ట్యాంకు కట్టబాకండి. మొదటి గేరులో దానికి లాగుడుండదు. మెరక ఎక్కించారంటే క్లచ్ కాలిపోద్ది. ట్యాంకు లాగాలంటే డీజిల్ తీసుకోండి, లేదంటే ట్రాక్టరుకే కట్టుకోండి."

ఇంటికి వచ్చి, "మెకానిక్ కూడా గ్యాసే మేలన్నాడు," అని చెప్పాను.

చెప్పింది అబద్ధం కాదు. అతను అన్న మాటే, మొదటి సగం. రెండో సగాన్ని నా దగ్గరే ఉంచుకున్నాను. ఎందుకంటే ఏం చెప్పను? గ్యాస్ బండి నాకు వాటంగా ఉంటుంది. పైగా బావను కదా, నా మాట నెగ్గాలనిపించింది. ట్యాంకు సంగతి తర్వాత ఎప్పుడో చూసుకోవచ్చులే, మా తోటలన్నీ ఇంచుమించు పల్లంలోనే ఉన్నాయి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. బామ్మర్ది ఆ మెకానిక్ మాటను చాలా నమ్ముతాడు. "అతనే అన్నాడంటే ఇంకేముంది," అని ఒప్పుకున్నాడు. కొబ్బరికాయ కొట్టింది కూడా అతనే.

బండి మంచిదే. ఆ మాట కూడా చెప్పాలి. మైలవరం దారిలో అది వెన్నలా నడిచేది. ఆ మొదటి కాయ కాలంలో రసాల లోడ్లన్నీ దాని మీదే తోలాడు. ఒక్క ట్రే తిరిగి రాలేదు. మరుసటి పూతకు ట్యాంకు కట్టాడు. పల్లపు తోటల్లో ఎలాగో లాగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇక ఫరవాలేదనుకున్నాను.

రెడ్డిగూడెం అవతల ఒక తోట గుట్ట వాలులో ఉంది. అక్కడ తేనెమంచు పురుగు పూతను పట్టేసింది, ఆ పూటే మందు పడాలని తోట రైతు కబురు పెట్టాడు. నేనూ పక్కన కూర్చుని వెళ్ళాను. నిండు ట్యాంకుతో ఎర్రమట్టి మెరక సగం ఎక్కేసరికి బండి ఆగింది. బామ్మర్ది మళ్ళీ కదిలించబోతే కాలిన వాసన వచ్చింది. బండి వెనక్కి జారింది. అతను దాన్ని పక్కనున్న గట్టుకు ఆనించి ఆపాడు. అంతకంటే నేర్పుగా ఎవరూ ఆపలేరు. కానీ ట్రాలీ ఒరిగి ట్యాంకు బోల్తా పడింది. మందు నీళ్ళన్నీ ఎర్రమట్టిలో ఇంకిపోయాయి. మనుషులకేమీ కాలేదు. ఆ పూట మందు పడక ఆ తోట పూత చాలావరకు మాడిపోయింది.

బండిని షెడ్డుకు చేర్చాం. మెకానిక్ క్లచ్ ప్లేటు విప్పి తీశాడు. నల్లగా మాడి ఉంది. అప్పుడే, మా బామ్మర్దికి రసాల లోడ్లిచ్చే షావుకారు తన బండి పని మీద అక్కడికొచ్చి ఉన్నాడు. వంగి ఆ ప్లేటు చూసి, "ఏమయ్యా, క్లచ్ మీద కాలేసి తోలతావా ఏంటి? ఏడాది తిరక్కుండా ఇలా మాడ్చావు? మెత్తటి చెయ్యనుకున్నాం, కాలు చూసుకోలా," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

మెకానిక్ తలెత్తి నావైపు చూశాడు. బామ్మర్ది కూడా నావైపే చూశాడు, 'నువ్వన్నా చెప్పు బావా' అన్నట్టు. నేను జేబులోంచి ఫోను తీసి, ఎవరో చేసినట్టు దాన్ని చూస్తూ బయటికి నడిచాను. నేను చెప్పకపోవడంతో మెకానిక్ కూడా చెప్పలేదు. మా ఇంటి వ్యవహారమని ఊరుకుని ఉంటాడు.

ఆ సంవత్సరం షావుకారు రసాల లోడ్లు వేరే మనిషికిచ్చాడు. మా బామ్మర్దిని పూర్తిగా వదులుకోలేదు. పిలిచి కలెక్టర్ కాయ తోలమన్నాడు. ఒక షావుకారు అలా చేస్తే మిగతావాళ్ళూ అదే దారి పడతారు. అతను పేచీ పెట్టలేదు. ఫ్యాక్టరీ ముందు వరసలో బండి నిలిపి, కాయ కుమ్మరించి, ఖాళీ బండితో ఇంటికొచ్చేవాడు. భోజనాల దగ్గర జోకులు తగ్గాయి. మా ఆవిడ ఒకసారి అడిగింది, "వాడికి నిజంగా ఆ అలవాటుందా?" అని. "ఏమో, నేనెప్పుడూ గమనించలేదు," అన్నాను.

ఆ తర్వాత జరిగింది రాయడమే నాకు కష్టంగా ఉంది. అతనికి తన మీదే అనుమానం మొదలైంది. ఎడమ కాలి చెప్పు విడిచి తోలేవాడు. గేరు మార్చగానే కాలిని సీటు కిందికి లాగేసుకునేవాడు. నేను పక్కన కూర్చుంటే, "బావా, నాకు తెలీకుండా పెడుతున్నానేమో. కాస్త నా కాలు చూస్తుండు," అనేవాడు. నేను చూసేవాణ్ణి. మైలవరం దాకా చూసేవాణ్ణి. దిగేటప్పుడు అడిగేవాడు, "పెట్టానా?" అని.

"ఈసారి పెట్టలేదులే," అనేవాణ్ణి.

ఇలా సంవత్సరాలు గడిచాయి. ట్యాంకును మళ్ళీ అద్దె ట్రాక్టరుకే కట్టాం. ఈ ఏడు బండి పాతబడిందని, మార్చేద్దామని అనుకున్నాం. బంగినపల్లి కోత నడుస్తోంది, రసాలు దిగడం అప్పుడే మొదలైంది. ఒకరోజు పొద్దున ఇద్దరం మైలవరం బయల్దేరాం. అతనే తోలుతున్నాడు, ఎడమ కాలికి చెప్పు లేదు.

"ఈసారి ఏది తీసుకుందాం? గ్యాసా, డీజిలా?" అని అడిగాను. పాత రోజుల్లోలా ఎగతాళి చేస్తాడని, ట్యాంకంత బరువున్నావని మళ్ళీ అంటాడని ఎదురుచూశాను.

"నీ ఇష్టం బావా. నాకు ఏదైనా ఒకటే. తప్పు బండిలో లేదుగా," అన్నాడు.

నిష్ఠూరంగా అనలేదు. అది నిజమని నమ్మి అన్నాడు.

"బండి వెనక్కి తిప్పు. మండీకి పోదాం," అన్నాను.

"కొట్టు తియ్యవా? మండీలో నీకేం పని?"

"ఉంది, పద."

మండీలో షావుకారు రసాల ట్రేలు దింపిస్తున్నాడు. బామ్మర్ది అలవాటుగా కలెక్టర్ కాయ గుట్టల వైపు బండి తిప్పబోతే, షావుకారు ఎదుటే ఆపించాను. ఇద్దరం దిగాం. చుట్టూ హమాలీలు, ఇంకో ఇద్దరు డ్రైవర్లు ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. నవ్విన రోజునా జనం మధ్యే నవ్వారు.

"మా వాడి క్లచ్ కాలిన సంగతి మీకు గుర్తుందాండీ?" అన్నాను.

"గుర్తు లేకేం? ఇప్పుడెందుకండీ అది?"

చెప్పాను. కొనకముందే మెకానిక్ ట్యాంకు కట్టొద్దన్నాడని, ఆ మాట నేను ఇంట్లో చెప్పలేదని, మెరక మీద ఎవరు తోలినా ఆ క్లచ్ మాడిపోయేదేనని. షావుకారు చేతిలోని కాయను ట్రేలో పెట్టి, "ఇన్నేళ్ళకా అండీ చెప్పేది?" అన్నాడు. అతను బామ్మర్ది వైపు తిరిగి ఏదో అనబోయాడు గానీ, అప్పటికే బామ్మర్ది వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. అతను ఇంజను వెయ్యలేదు.

"కొనకముందే చెప్పాడా?" అన్నాడు.

"కొనకముందే."

"నాకు చెప్పుంటే ట్యాంకు కట్టేవాణ్ణే కాదు. గ్యాస్ బండైనా ఫరవాలేదు, ట్యాంకు కట్టేవాణ్ణి కాదు."

"తెలుసు."

అతను తన ఎడమ కాలి వైపు చూసుకున్నాడు.

"మరి నా కాలు చూస్తుండమంటే చూసేవాడివి కదా బావా. ఏం చూసేవాడివి?"

వయసులో చిన్నవాడికి, అందులోనూ బామ్మర్దికి, క్షమించమని చెప్పడం మా ఇళ్ళల్లో లేదు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఏమీ లేకపోయినా చూసేవాణ్ణి. నువ్వు ఒక్కసారి కూడా కాలు పెట్టలేదు, ఆ మెరక మీద కూడా. తెలిసీ నీలో లేని తప్పును నీ చేత వెతికించాను. తప్పు నాది. నన్ను క్షమించరా."