గోడవైపు తిరిగే టీచరమ్మ

నేను మూడో తరగతిలో బడి మానేస్తే మా పంతులు సంతోషించాడు. నా పాలబడ్డ జట్కా గుర్రమే ఏడ్చింది. ఆ జట్కాలోనే మాచర్ల మిషన్ బడి టీచరమ్మను రోజూ బడి నుంచి ఆమె ఉండే గది దగ్గర దింపేవాణ్ణి.

మాటలు రాని పిల్లల్ని ఏదైనా అడగాలంటే ఆమె రెండు వస్తువులు ముందుపెట్టి, తాను గోడవైపు తిరిగి కూర్చునేది. "నా మొహం చూస్తే నాకు నచ్చిందే చెబుతారు" అనేది.

ఒకసారి ఒక మూగపిల్లను బడి మాన్పించి గొర్రెల వెంట పంపుదామని మేనమామ వచ్చాడు. టీచరమ్మ పలకా, అతని చేతికర్రా పిల్ల ముందుపెట్టి గోడవైపు తిరిగింది.

"మాటే రాని దాన్ని ఏంది అడిగేది?" అన్నాడతను.

"నువ్వూ ఇటు తిరుగు."

ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ నేను కూడా తిరిగాను. చప్పుడైతే వెనక్కి చూశాం. పిల్ల పలక ఒళ్ళో పెట్టుకుని, కర్ర తీసి మామ చేతికిచ్చింది. అతను ఆ కర్రతో ఒక్కడే వెళ్ళిపోయాడు.

ఆ ఊళ్ళో టీచరమ్మకు నా అన్నవాళ్ళు లేరు. గది తాళం ఆమే వేసుకునేది, ఆమే తీసుకునేది. ఆ సాయంత్రం ఆమెను దింపి, గుర్రాన్ని మళ్ళిస్తూ వేళాకోళమాడాను.

"అందర్నీ అడుగుతారు. మీకేం కావాలో ఎవరన్నా అడిగారా, టీచరమ్మా?"

"నువ్వడిగావుగా. నేను చెప్పేదాకా బండి ఆపుతావా మరి?"